టెంట్ ఒకటే, ప్రయాణాలు రెండు

ప్రశ్న: మాది విజయనగరం. వయసు 34. హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. పెళ్లికి ముందు నుంచీ ప్రతి చలికాలం బైక్ మీద టెంట్ కట్టుకుని ఒక్కడినే సముద్రపు ఒడ్డుకు వెళ్లడం అలవాటు. కళింగపట్నం, భావనపాడు, బారువ, ఎక్కడో ఒక చోట ఒకటి రెండు రాత్రులు ఉంటాను. ఫోన్ ఆపేస్తాను. తిరిగొచ్చాక చాలా రోజుల వరకు మనసు తేలికగా ఉంటుంది. పెళ్లయి రెండేళ్లయింది. నా భార్య స్టాఫ్ నర్సు. "నన్నూ తీసుకెళ్లండి" అంటే పోయిన జనవరిలో కోనాడ వైపు తీసుకెళ్లాను. చేరేసరికే చీకటి పడింది. గాలికి టెంట్ లేచిపోయింది, ఒకసారి పడుకోబోయే ముందు, ఇంకోసారి తెల్లవారుజామున. రాత్రి పదింటికి ఊరివాళ్లు టార్చిలైట్లతో వచ్చి "ఎవరు మీరు?" అని ఆరా తీశారు. ఆమె తెల్లవార్లూ నిద్రపోలేదు, మాట్లాడుతూనే ఉంది. నేను విసుక్కున్నాను. ఇంటికొచ్చాక రెండు రోజులు మాటల్లేవు. ఇప్పుడు సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. "ఈసారి కూడా వస్తాను" అంటోంది. అమ్మేమో "పెళ్లయ్యాక ఈ ఒంటరి తిరుగుళ్లేంటి" అంటోంది. ఒక్కడినే వెళ్తే స్వార్థమా? ఇద్దరం వెళ్తే నాకు దక్కేదేమిటి?

జవాబు: స్వార్థం కాదండీ. ఏడాదికి ఒకటి రెండు రాత్రులు ఒంటరిగా గడపాలనుకోవడంలో తప్పేమీ లేదు. రోజంతా క్లాసుల్లో పిల్లల మధ్య, సాయంత్రం ఇంట్లో అందరి మధ్య ఉండే మనిషికి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని కొన్ని గంటలు కావాలనిపించడం సహజం. ఆ కోరికని పెళ్లి మాన్పించదు, మాన్పించాల్సిన పని కూడా లేదు. మీ మొదటి ప్రశ్నకి నా జవాబు ఇంతే.

రెండో ప్రశ్న దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ఇద్దరం వెళ్తే నాకు దక్కేదేమిటి అని అడిగారు. ఆ జనవరి రాత్రి ఆమెకి ఏం దక్కిందో మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే ఆ రోజు మీరిద్దరూ కలిసి ట్రిప్‌కి వెళ్లలేదు. మీ ఒంటరి ప్రయాణంలోకి ఆమెను ఎక్కించుకున్నారు. చోటు మీరు ఎంచుకున్నారు, బయల్దేరే టైమ్ మీదే, సామాను మీదే, టెంట్ ఎక్కడ వేయాలన్నది కూడా మీరే అనుకుని ఉంటారు. మీకు ఆ ఒడ్డు తెలుసు, ఆ చీకటి అలవాటు. ఆమెకి ఏ చప్పుడు అలదో, ఏది కుక్కదో, ఏది మనిషిదో కూడా తెలియదు. చేతిలో పని లేదు, నిర్ణయంలో భాగం లేదు, పక్కన ఉన్న మనిషి మౌనం కావాలంటున్నాడు. భయపడ్డ మనిషి మాట్లాడుతూనే ఉంటారు, ఎదుటివాళ్ల గొంతు వినిపిస్తే ధైర్యం కాబట్టి. ఆమె స్టాఫ్ నర్సు అని మీరే రాశారు. రాత్రి డ్యూటీలు ఆమెకి కొత్త కాదు, పిరికిదీ కాదు. వార్డులో ఏది ఎక్కడుందో ఆమెకి తెలుసు, అక్కడ ఏమీ తెలియదు. తేడా అదే.

ఇప్పుడు ఒక విషయం సూటిగా అడుగుతాను. ఆ రాత్రి ఆమె బాత్రూమ్‌కి ఎక్కడికి వెళ్లింది? మీరు అడిగారా? మగవాళ్లు ఈ సంగతి ఆలోచించరు, ఆలోచించాల్సిన అవసరం వాళ్లకి రాదు కాబట్టి. మన ఒడ్డున చాలా చోట్ల ఆడవాళ్లకి టాయిలెట్ ఉండదు. అలాంటి చోటికి బయల్దేరిన ఆడమనిషి మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. రాత్రి ఆపుకుంటుంది. చీకట్లో సరుగుడు తోపులోకి ఒంటరిగా వెళ్లలేదు, మిమ్మల్ని లేపడానికి మొహమాటం. అదే నెలసరి రోజులైతే చెప్పనే అక్కర్లేదు. ఆమెకి నిద్ర పట్టకపోవడానికి సగం కారణం ఇదే అయి ఉంటుందని నా నమ్మకం. వీలైతే ఈ రోజే అడగండి. అడిగినందుకు ఆమె కోప్పడదు, ఇన్నాళ్లకి అడిగినందుకు కోప్పడవచ్చు.

కాబట్టి ఇద్దరి ప్రయాణానికి చోటు వెతికేటప్పుడు ముందు చూడాల్సింది సముద్రం అందం కాదు, ఆమె ఏ వేళలోనైనా భయం లేకుండా వెళ్లగలిగే టాయిలెట్. ఒడ్డుకి దగ్గర్లో ఇల్లున్న కొబ్బరి తోటో జీడి తోటో చూసుకుని, ఆ ఇంటివాళ్లని పగలే కలిసి, ఒక రాత్రికి ఉంటామని అడిగి, వాళ్లు అడిగినంత ఇచ్చి, వాళ్ల బాత్రూమ్ వాడుకునే ఏర్పాటు చేసుకోండి. మాట్లాడేటప్పుడు ఆమెను వెంట తీసుకెళ్లండి. ఆ ఇంటి ఆడవాళ్లతో ఆమె పది నిమిషాలు మాట్లాడితే రాత్రి సగం భయం అక్కడే పోతుంది. టెంట్ మాత్రం కొబ్బరి చెట్ల కింద వేయకండి. గాలి వీచిన రాత్రి కాయ పడ్డా, మట్ట పడ్డా ప్రమాదమే.

టార్చిలైట్లతో వచ్చిన ఊరివాళ్ల మీద మీకు కోపం ఉన్నట్టుంది. నాకు వాళ్ల మీద గౌరవమే ఉంది. 2008లో ముంబయి దాడులు చేసినవాళ్లు సముద్రం మీదుగా వచ్చాక, ఒడ్డున కొత్త మనిషి కనిపిస్తే అడగమని తీరంలోని పల్లెలకి చెబుతూ వచ్చారు. మెరైన్ పోలీసులు కూడా సమాచారం కోసం మత్స్యకారుల మీదే ఆధారపడతారు. రాత్రి పదింటికి ముక్కూమొహం తెలియని ఇద్దరు టెంట్ వేసుకుని కనిపిస్తే ఎవరైనా వచ్చి అడుగుతారు. మగవాడు ఒక్కడే ఉంటే ఒక ప్రశ్నతో వదిలేస్తారేమో, పక్కన ఆడమనిషి ఉంటే పది ప్రశ్నలు వేస్తారు. అది న్యాయం కాదు, కానీ జరిగేది అదే. దానికి మందు ఒకటే. సాయంత్రం నాలుగింటికల్లా ఊరికి చేరుకుని, పెద్దమనిషి ఎవరో కనుక్కుని, "మేం భార్యాభర్తలం, విజయనగరం నుంచి వచ్చాం, ఈ రాత్రి ఫలానా చోట ఉంటాం" అని చెప్పండి. ఇద్దరి ఆధార్ కార్డులూ దగ్గర ఉంచుకోండి. పొద్దున్నే ఒడ్డు నుంచి పెద్ద వల ఎక్కడ లాగుతారో అదే నోటితో అడగండి. వల లాగే దారిలో టెంట్ వేస్తే తెల్లవారుజామునే లేపుతారు, లేపడం వాళ్ల హక్కు.

టెంట్ లేచిపోవడం గురించి కూడా చెప్పుకుందాం, ఎందుకంటే ఆ రాత్రి గొడవలో గాలి వాటా చాలానే ఉంది. టెంట్‌తో పాటు వచ్చే సన్నటి ఇనుప మేకులు గట్టి నేల కోసం చేసినవి, ఇసుకలో నిలవవు. చిన్న గుడ్డ సంచుల్లో ఇసుక నింపి, టెంట్ తాడు దానికి కట్టి, సంచిని మోచేతి లోతున అడ్డంగా పాతిపెట్టి పైన ఇసుక తొక్కితే మామూలు గాలికి కదలదు. తెల్లవారుజామున రెండోసారి లేచిందన్నారు. దానికీ కారణం ఉంది. పగలు గాలి సముద్రం మీద నుంచి నేల మీదకి వస్తుంది. రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది కాబట్టి పొద్దుపోయాక గాలి తిరిగి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. సాయంత్రం గాలి చూసి సముద్రం వైపు తాళ్లు బిగించి, వెనక వైపు వదులుగా ఉంచితే తెల్లవారుజామున వెనక నుంచి లేస్తుంది. నాలుగు వైపులా సమానంగా కట్టాలి. ఈ పని ఆమెకి నేర్పండి, ఆమె చేతే కట్టించండి. తను కట్టిన ముడి గట్టిదని తెలిస్తే మనిషికి నిద్ర పడుతుంది.

చోటు విషయంలో మీకు తెలిసిందే అయినా ఆమెకి తెలియాలి. మన వైపు పున్నమికీ అమావాస్యకీ పోటు, పాటు మధ్య తేడా ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. ఒడ్డున ఎండిన నాచు, పుల్లలు, చెత్త ఒక గీతలా పేరుకుని ఉంటాయి కదా, అది మొన్నటి పోటు ఆగిన చోటు. ఆ గీతకి బాగా పైన టెంట్ వేయాలి. పోటు రోజూ ముప్పావుగంటో యాభై నిమిషాలో ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి లెక్క నేటికి పనికిరాదు. కళింగపట్నంలో వంశధార, కోనాడలో చంపావతి, కళ్లేపల్లిలో నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి. నది మొగల దగ్గర ఇసుక తిన్నెలు చూడ్డానికి ఎంతో బావుంటాయి, కానీ అవి నిలకడగా ఉండేవి కావు, నీటి లాగుడు కూడా ఎక్కువ. తిన్నె మీద పడుకోవద్దు, అక్కడ నీళ్లలో దిగొద్దు. చింతపల్లి వైపు వెళ్తే సముద్రంలో రాళ్లున్నాయి. ఓడలు ఆ రాళ్లకి తగలకుండా శాంతపల్లి గుట్ట మీద 1847లోనే లైట్‌హౌస్ పెట్టారు. పడవ నడిపేవాళ్లే అంత జాగ్రత్త పడిన చోట ఈతకి దిగడం ఎందుకు?

సరుగుడు తోపులు చాలావరకు అటవీశాఖవో, ఎవరో ఒక రైతువో అయి ఉంటాయి, అడగకుండా లోపల ఉండకూడదు. కింద రాలిన ఎండాకుల పొర నిప్పురవ్వకే అంటుకుంటుంది. మంట వద్దు, చిన్న గ్యాస్ స్టవ్ చాలు. ఇంకో సంగతి, మీరు వెళ్లే కాలం తాబేళ్ల కాలం. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రి పూట మన ఒడ్డెక్కి, ఇసుకలో గొయ్యి తవ్వి, ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెడుతుంది. వెలుతురు కనిపిస్తే గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోతుంది. నెలన్నర, రెండు నెలలకి బయటికొచ్చే పిల్లలు కూడా వెలుతురు చూసి దారి తప్పి సముద్రానికి బదులు ఊరివైపు పోతాయి. అందుకే ఒడ్డు మీద పెద్ద లైట్లు వేయకండి, టార్చి ముందు ఎర్ర కాగితం కట్టుకోండి. తల్లి తాబేలు కనిపిస్తే దూరంగా కూర్చుని చూడండి, ఫ్లాష్ ఫోటోలు తీయకండి. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో, ఉన్న జీవి అది. అలాంటి రాత్రి ఇద్దరికీ ఒకేసారి దొరికితే, ఇద్దరం వెళ్తే దక్కేదేమిటన్న మీ ప్రశ్నకి కొంత జవాబు మీకే తెలుస్తుంది.

ఇక మీ ఒంటరి ప్రయాణం. వెళ్లండి, కానీ ఫోన్ ఆపేయడం మాత్రం మానుకోండి. ఈ విషయంలో నేను గట్టిగానే చెప్తాను. అభిలాష్ టోమీ అనే నేవీ అధికారి 2012-13లో ఎక్కడా ఆగకుండా ఒక్కడే పడవలో ప్రపంచం చుట్టి వచ్చాడు. అలా చేసిన మొదటి భారతీయుడు ఆయనే. 2018 సెప్టెంబరులో మళ్లీ ఒంటరిగా వెళ్లినప్పుడు దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకి తెరచాప స్తంభం విరిగింది, ఆయన వెన్నెముక దెబ్బతిని లేవలేకపోయాడు. ఒడ్డుకి మెసేజ్ పంపగలిగాడు కాబట్టి మూడు రోజుల తర్వాత ఒక ఫ్రెంచి నౌక వచ్చి కాపాడింది. అంత ఒంటరితనం కోరుకున్న మనిషి కూడా తానెక్కడున్నాడో ఒడ్డున ఉన్నవాళ్లకి తెలిసేలా ఏర్పాటు చేసుకునే వెళ్లాడు. మీరు ఫోన్ ఆపేసిన రాత్రి మీకు ప్రశాంతంగా ఉంటుంది, ఆ ప్రశాంతతకి మూల్యం మీ ఆవిడ చెల్లిస్తుంది. ఏ ఊళ్లో, ఏ పక్కన ఉంటారో కాగితం మీద రాసిచ్చి వెళ్లండి. రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, పొద్దున ఏడింటికి ఒకసారి ఫోన్ చేయండి. మిగతా టైమంతా మీది. ఫలానా టైముకి ఫోన్ రాకపోతే ఆమె ఎవరికి చెప్పాలో కూడా ముందే అనుకోండి. 112 ఎలాగూ ఉంది. సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్ గార్డు నంబరు 1554, అంబులెన్స్‌కి 108. కళింగపట్నంలో మెరైన్ పోలీస్ స్టేషన్ కూడా ఉంది, వెళ్లే దారిలో ఆగి ఒక మాట చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఒక్కరే ఉన్నప్పుడు నీళ్లలోకి మోకాళ్లు దాటి వెళ్లకండి. లాగేసే నీళ్లలో పడితే ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి ఈదాలన్నది ఈతగాళ్లకి తెలుసు, అయితే చూసే మనిషి లేనిచోట ఆ తెలివి ఎంతవరకు కాపాడుతుందో చెప్పలేం. వాతావరణం సంగతి సంక్రాంతికి మామూలుగా ఇబ్బంది ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో మాత్రం ఒంటరిగానైనా జంటగానైనా వెళ్లొద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఏం చేసిందో మన జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎప్పుడు వెళ్లినా విశాఖ తుఫాను హెచ్చరిక కేంద్రం, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచనలు చూసుకునే బయల్దేరండి.

ఇద్దరు కలిసి వెళ్లినా మౌనం దొరుకుతుంది, దాన్ని ముందే మాట్లాడుకోవాలి, అంతే. నేవీ అధికారులు దిల్నా, రూపా అనే ఇద్దరు అమ్మాయిలు 2024 అక్టోబరు 2న గోవాలో 'తరిణి' అనే తెరచాప పడవ ఎక్కి, ప్రపంచం చుట్టి 2025 మే నెలాఖరుకి తిరిగొచ్చారు. ఎనిమిది నెలలు, ఆ చిన్న పడవలో ఇద్దరే. ఇద్దరే నడిపే పడవలో ఒకరు పడుకుంటే ఒకరు కాపలా కాస్తారు, అంటే కలిసి వెళ్లినా సముద్రంతో ఒక్కరే ఉండే గంటలు ఇద్దరికీ రోజూ దొరుకుతాయి. మీరూ అలాగే చేసుకోవచ్చు. తెల్లవారుజామున ఐదు నుంచి ఆరున్నర వరకు మీరు ఒడ్డున ఒక్కరే నడవండి, ఆమె నిద్రపోనివ్వండి. సాయంత్రం ఓ గంట ఆమె ఒక్కతే కూర్చుంటుంది, మీరు వంట చూడండి. మిగతా సమయంలో ఆమె మాట్లాడితే వినండి. సముద్రం చప్పుడు మళ్లీ వెళ్లినప్పుడు వినవచ్చు.

ఆమె ఒంటరితనం సంగతి కూడా మీకు గుర్తు చేయాలి. మీకు ఏడాదికి రెండు రాత్రులైనా మీవంటూ ఉన్నాయి. ఆమె షిఫ్టు డ్యూటీ చేసి వచ్చి, మీ అమ్మగారు ఉన్న ఇంట్లో వంటింట్లోకి వెళ్లే మనిషి. తనదంటూ ఒక పూట ఆమెకి చివరిసారి ఎప్పుడు దొరికింది? తెలియని ఒడ్డున రాత్రంతా ఒక్కదాన్నే ఉండమని నేను ఆమెకి చెప్పను, మన తీరం ఆడవాళ్లకి ఇంకా అంత నిశ్చింతగా లేదు. ఇంట్లోనే ఏర్పాటు చేయవచ్చు. ఆమెకి సెలవున్న ఒక రోజు మీ అమ్మగారిని తీసుకుని ఏ చుట్టాలింటికో వెళ్లి రాత్రికి అక్కడే ఉండిపోండి. ఇల్లు ఆమెకి వదిలేయండి. వంట చేయాల్సిన పని, ఎవరినీ పలకరించాల్సిన పని లేకుండా చేసి వెళ్లండి. మీరు ఒంటరిగా వెళ్లే ప్రతి ట్రిప్‌కి బదులుగా ఆమెకి అలాంటి రోజు ఒకటి ఉండాలి. అప్పుడు మీ అమ్మగారికి కూడా జవాబు చెప్పడం సులువవుతుంది. "ఒంటరిగా తిరుగుళ్లేంటి" అంటే, "మేమిద్దరం మాట్లాడుకునే వెళ్తున్నానమ్మా, ఆమెకి తెలుసు" అని చెప్పగలగాలి. ఆ మాట నిజమైతే చాలు, అంతకంటే వాదన అక్కర్లేదు. అమ్మగారి ముందు భార్య తరఫున మాట్లాడాల్సింది మాత్రం మీరే, ఆమె మీద వదిలేయకండి.

ఈ సంక్రాంతికి ఏం చేయాలంటారా? ఈసారి ఒంటరిగా వెళ్లొద్దు. ఫిబ్రవరిలో ఒక వారాంతం వెళ్లండి, అప్పుడూ చలి ఉంటుంది. సంక్రాంతి సెలవులు ఆమెవి. ముందు ఆ జనవరి రాత్రి విసుక్కున్నందుకు సారీ చెప్పండి, వివరణలు లేకుండా. తర్వాత అడగండి, "నీకు ఎలా ఉంటే బావుంటుంది?" అని. మీకు రెండు దారులు సూచిస్తాను. ఒకటి, మధ్యాహ్నం శాలిహుండం గుట్ట ఎక్కి బౌద్ధ స్తూపాలు, పక్కనే పారే వంశధార చూసి, సాయంత్రం కళింగపట్నం ఒడ్డున గడపడం. శ్రీకాకుళం నుంచి 30 కిలోమీటర్ల లోపే, బస్సులో కూడా వెళ్లవచ్చు. రెండోది, టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పెలికాన్లు, రంగు కొంగలు చింతచెట్ల మీద కాపురం పెట్టే కాలం ఇది, పొద్దున్నే వాటిని చూసి భావనపాడు వైపు వెళ్లడం. అయితే ఆ పక్క మూలపేట పోర్టు పనులు జరుగుతున్నాయి, మీరు ఇదివరకు చూసిన ఒడ్డు అలాగే ఉందో లేదో ముందుగా ఒకసారి వెళ్లి చూసి రండి.

ఇవి రెండూ కాదని ఆమె మూడోది చెప్పవచ్చు. టెంటే వద్దు, చీకటి పడేదాకా ఒడ్డున ఉండి రాత్రికి శ్రీకాకుళంలో లాడ్జిలో పడుకుందాం, పొద్దున్నే మళ్లీ సముద్రానికి వెళ్దాం అనవచ్చు. అన్నా సరేననండి, మొహం చిన్నబుచ్చుకోకుండా. గది ఆమెనే బుక్ చేయమనండి.